తెలుగు సైటు నెమ్మదిగా తెరుచుకుంటోందా? ఎక్కడ ఆగుతోందో ముందు పట్టుకోండి

తెలుగు పత్రికల సైట్లు కొన్ని చూసుకుంటుంటాను. "సైటు ఓపెన్ కావట్లేదండీ" అని ఫోన్ వస్తే నేను ముందు అడిగేది ఇదే: తెర తెల్లగా ఉండిపోయిందా? బొమ్మలు రాలేదా? అక్షరాలు రాలేదా? అన్నీ వచ్చాక వేలు పెడితే కదలట్లేదా? ఒక్కోదానికి కారణం వేరు, మందు వేరు.

మీ లాప్‌టాప్‌లో, మీ వైఫైలో చూసుకుని "నాకు బాగానే వస్తోందే" అనకండి. ఆ సైటు బొమ్మలు, ఫాంట్లు మీ బ్రౌజర్‌లో ఎప్పుడో దాచి ఉన్నాయి. క్రోమ్‌లో ఇన్‌కాగ్నిటో తెరిచి, ఎఫ్12 నొక్కి, నెట్‌వర్క్ ట్యాబ్‌లో "డిసేబుల్ క్యాష్" టిక్ పెట్టి, వేగం "స్లో 4జీ"కి తగ్గించి చూడండి. మీ పాఠకుడు పడే అవస్థ అప్పుడు కళ్లకు కడుతుంది.

తెర తెల్లగా ఉండిపోతోంది

నెట్‌వర్క్ ట్యాబ్‌లో మొదటి వరుస నొక్కి, టైమింగ్ చూడండి. సర్వర్ నుంచి మొదటి బైటు రావడానికి 0.8 సెకన్లు దాటుతుంటే తేడా ఉన్నట్టే. అది దూరం వల్లా, సర్వర్ పేజీని వండుకోవడంలో ఆలస్యం వల్లా అన్నది తేల్చడానికి ఒక చిన్న పరీక్ష ఉంది. అదే సర్వర్‌లో ఖాళీ టెక్స్ట్ ఫైలు ఒకటి పెట్టి తెరవండి. ఫైలు చటుక్కున వచ్చి పేజీ ఆలస్యమైతే తప్పు సైటుని నడిపే వర్డ్‌ప్రెస్‌లోనో, డేటాబేస్‌లోనో ఉంది. ఒకసారి వండిన పేజీని దాచి ఉంచే పేజ్ క్యాష్ ప్లగిన్ పెట్టండి, పీహెచ్‌పీ కొత్త వెర్షన్‌కి మార్చండి, వాడని ప్లగిన్లు తీసేయండి.

ఫైలు కూడా ఆలస్యమైతే చాలాసార్లు కారణం దూరమే. ఫైబర్‌లో కాంతి వేగం సెకనుకి సుమారు 2 లక్షల కిలోమీటర్లు. హైదరాబాద్ నుంచి అమెరికా తూర్పు తీరంలోని సర్వర్‌కి ఒక్కసారి వెళ్లి రావడానికి మామూలుగా 200 మిల్లీసెకన్లు పైనే పడుతుంది. పైగా కనెక్షన్ కుదరడానికే అలాంటి రాకపోకలు రెండు మూడు కావాలి. పాఠకులంతా ఇక్కడివాళ్లే అయితే సర్వర్‌ని ముంబయికో హైదరాబాద్‌కో మార్చండి. తెలుగు సైట్లకు గుంటూరులోనూ, డాలస్‌లోనూ పాఠకులుంటారు కాబట్టి సీడీఎన్ (సైటు నకళ్లను పాఠకులకు దగ్గరున్న సర్వర్లలో దాచి అందించే సేవ) మేలు. ఒక్క సంగతి గుర్తుంచుకోండి: క్లౌడ్‌ఫ్లేర్ లాంటివి మామూలుగా బొమ్మలు, ఫైళ్లే దాచుకుంటాయి. పేజీని కూడా దాచమని మనం విడిగా చెప్పాలి. లాగిన్ ఉన్న పేజీలను మాత్రం అందులోంచి తప్పించండి.

బొమ్మలు ఆలస్యం

ఫోన్‌లో తీసిన ఫొటోని అలాగే ఎక్కించేస్తారు. 4000 పిక్సెళ్ల వెడల్పు, మూడు నాలుగు ఎంబీల బరువు! పాఠకుడి తెర మీద దానికి దక్కే చోటు ఎంతని? 1200 పిక్సెళ్లకు తగ్గించి, తక్కువ బరువుండే వెబ్‌పీ రకం ఫైలుగా మార్చండి. కింద ఉండే బొమ్మలకు లేజీ లోడింగ్ (పాఠకుడు అక్కడిదాకా వచ్చాకే బొమ్మ దిగే పద్ధతి) పెట్టండి. పైన మొదట కనిపించే బొమ్మకు పెట్టకండి, పెడితే అదే అందరికంటే ఆలస్యంగా వస్తుంది.

బొమ్మలొచ్చాయి, అక్షరాలు రాలేదు

తెలుగు సైట్లకు అసలైన తలనొప్పి ఇది. ఫాంట్ దిగేదాకా బ్రౌజర్ అక్షరాలను దాచిపెడుతుంది, క్రోమ్‌లో అయితే 3 సెకన్ల వరకూ. సీఎస్ఎస్‌లో "ఫాంట్-డిస్‌ప్లే: స్వాప్" పెడితే ఈలోగా ఫోన్‌లోని తెలుగు ఫాంట్‌తో చదువుకోవచ్చు. అయితే ఫాంట్ మారేటప్పుడు వరుసలు ఎగిరిపడతాయి. గుడులు పైకి, ఒత్తులు కిందికి వెళ్లే మన లిపిలో ఒక్కో ఫాంట్ ఎత్తు ఒక్కో రకం. లైన్-హైట్‌ని (వరుస ఎత్తుని) మీరే అంకెల్లో ఇచ్చేస్తే ఆ కుదుపు చాలా తగ్గుతుంది.

నా అభిప్రాయం అడిగితే, శీర్షికలకు రామభద్రో మండలియో వాడండి, వ్యాసానికి ఫోన్‌లో ఉన్న ఫాంటే చాలు. విండోస్‌లో నిర్మలా ఉంది, చాలా ఆండ్రాయిడ్ ఫోన్లలో నోటో ఉంది. వ్యాసానికి ఫాంట్ దిగుమతి సున్నా.

సొంత ఫాంటే కావాలంటే వెబ్ కోసం కుదించిన వాఫ్2 రకం ఫైలుగా మార్చి, అక్కర్లేని గ్లిఫులు (ఫాంట్‌లోని అక్షర రూపాలు) కోసేయండి. ఇక్కడ ఒకసారి నేను తప్పు చేశాను. అక్షరాలు మాత్రమే ఉంచి, వాటిని కలిపే లేఅవుట్ పట్టికలు కోసేశాను. మర్నాడు సైటంతా "రాష్ట్రం", "స్త్రీ" విరిగిపోయి కనిపించాయి. ఆ పట్టికలు ఉంచండి, "సాఫ్ట్‌వేర్" లాంటి మాటల్లో పొల్లుని నిలబెట్టే జీరో విడ్త్ నాన్ జాయినర్ అనే కనిపించని గుర్తునీ ఉంచండి. కోశాక "జ్ఞానం, లక్ష్మి, రాష్ట్రం, స్త్రీ" టైపు చేసి చూడందే సర్వర్‌కి ఎక్కించకండి.

ఇంకోటి: అక్షరాలను బైట్లుగా రాసే యూటీఎఫ్-8 పద్ధతిలో తెలుగు గుర్తు ఒక్కోటి 3 బైట్లు. "స్త్రీ"లో ఆరు గుర్తులున్నాయి (స, పొల్లు, త, పొల్లు, ర, గుడి దీర్ఘం), అంటే 18 బైట్లు. ప్రతి గుర్తుకీ మొదటి రెండు బైట్లు దాదాపు ఒకటే కాబట్టి కుదింపు బాగా పనిచేస్తుంది. సర్వర్‌లో ఆ కుదింపు చేసే బ్రోట్లీ గానీ జీజిప్ గానీ ఆన్‌లో ఉందో లేదో తప్పక చూడండి.

అన్నీ వచ్చాయి, వేలు పెడితే కదలదు

ప్రకటనలు, షేర్ బటన్లు, చాట్ పెట్టెల జావాస్క్రిప్ట్ పని ఇది. నెట్‌వర్క్ ట్యాబ్‌లో ఒక్కో డొమైన్‌ని బ్లాక్ చేసి చూస్తే దొంగ దొరుకుతాడు. యూట్యూబ్ వీడియోకి బదులు ముందు దాని బొమ్మ పెట్టి, నొక్కాకే ప్లేయర్ రప్పించండి. వేలు పెట్టిన 200 మిల్లీసెకన్లలోపు తెర స్పందించాలి.

మార్పులు ఒక్కొక్కటిగా చేసి, ప్రతిసారీ గూగుల్ వేగ పరీక్ష పేజ్‌స్పీడ్ ఇన్‌సైట్స్‌లో చూడండి. ముఖ్యమైన భాగం 2.5 సెకన్లలోపు కనిపిస్తే మంచి వేగమే. అందులో పైన చూపించే అసలు సందర్శకుల అంకె మర్నాడే మారలేదని కంగారుపడకండి, అది గడచిన 28 రోజుల లెక్క. కింద ఉన్న పరీక్ష అంకె మాత్రం వెంటనే మారుతుంది.