సెందాయ్‌లో దిగాక మొదటి 14 రోజులు

మాస్టర్స్ కోసం ఒంగోలు నుంచి జపాన్ వచ్చేటప్పుడు నా టెన్షన్ అంతా సూట్‌కేసు బరువు మీదే. కాగితాల సంగతి వెళ్లాక చూసుకోవచ్చులే అనుకున్నాను. ఇక్కడ ఆవకాయ లేకపోయినా నెల గడుస్తుంది గానీ, రెసిడెన్స్ కార్డు (విదేశీయులకిచ్చే గుర్తింపు కార్డు) మీద అడ్రస్ పడకపోతే ఒక్క పనీ కదలదు.

నరితా విమానాశ్రయంలో ఇమిగ్రేషన్ దగ్గరే రెసిడెన్స్ కార్డు చేతికిస్తారు. పార్ట్‌టైమ్ పనికి అనుమతి కూడా అప్పుడే అడగండి, ఒక్క ఫారం నింపితే చాలు. ప్రయాణం నీరసంలో దాన్ని వదిలేస్తే తర్వాత మళ్లీ ఇమిగ్రేషన్ ఆఫీసుకు తిరగాలి. వారానికి 28 గంటలు, పెద్ద సెలవుల్లో రోజుకు 8 గంటలు. అంతకు మించి పని చేయొద్దు, వీసా పొడిగింపు దగ్గర చిక్కొస్తుంది.

అడ్రస్ నమోదుకు వార్డు ఆఫీసుకు వెళ్లేముందు ఇంట్లో కూర్చుని చేయాల్సిన పని ఒకటుంది. మీ పేరు జపనీస్ కటకానా లిపిలో ఎలా రాయాలో తేల్చుకోండి. వాళ్లకు 'ల' లేదు. నా వెంకట నాగలక్ష్మి కాస్తా 'బెన్‌కత నాగ రకుషుమి' అయింది. నవ్వుకోండి, కానీ ఆ స్పెల్లింగ్ కాగితం మీద రాసి పర్సులో పెట్టుకోండి. నేను వార్డు ఆఫీసులో ఒకలా, బ్యాంకులో ఇంకోలా రాసి, స్కాలర్‌షిప్ డబ్బు పడక మూడు వారాలు అప్పులతో బతికాను. పేరు పొడవైతే ఫారంలో గళ్లు చాలవు. ఎక్కడ ఆపాలో కూడా ముందే అనుకోండి.

ఇంట్లో చేరిన 14 రోజుల్లోపు వార్డు ఆఫీసులో అడ్రస్ నమోదు చేయించాలి. అదే రోజు జాతీయ ఆరోగ్య బీమాలో చేరండి, ఆసుపత్రి బిల్లులో మన వాటా 30 శాతమే ఉంటుంది. 20 ఏళ్లు దాటినవాళ్లు పెన్షన్ కౌంటర్‌కూ వెళ్లాలి. విద్యార్థులకు పెన్షన్ చందా కట్టడం వాయిదా వేసుకునే వీలుంది, కానీ దరఖాస్తు పెట్టుకోకపోతే బిల్లు ఇంటికొస్తుంది. ఏటా మళ్లీ పెట్టాలి.

ఆ తర్వాత ఇండియా కార్డుతో కొనగలిగే, నంబరు ఇచ్చే సిమ్ ఒకటి తీసుకుని బ్యాంకుకు వెళ్లండి. వచ్చి ఆరు నెలలు కానివాళ్లకు చాలా బ్యాంకులు ముఖం చాటేస్తాయి. పోస్టాఫీసు బ్యాంకే నయం.

ఇక చెత్త. సెందాయ్‌లో మామూలు చెత్తకు పచ్చ సంచి, ప్లాస్టిక్ కవర్లకు ఎర్ర సంచి, రెండూ సూపర్‌మార్కెట్లో కొనాలి. మొదటి వారం నేను అన్నీ పచ్చదాంట్లో కుక్కేశాను. సాయంత్రానికి నా సంచి ఒక్కటే స్టిక్కర్ అంటించుకుని అక్కడే ఉంది. కింది అంతస్తు బామ్మగారు నేరుగా నా తలుపు కొట్టారు. సంచిలోంచి కందిపప్పు కవరు కనబడుతోంది, దాని మీద తెలుగు అక్షరాలు. ఆ బిల్డింగులో అది ఎవరిదో కనుక్కోవడానికి పోలీసులు అక్కర్లేదు కదా! ఆవిడ ఒక్క మాట అనకుండా కవరు తీసి, నా సింకులో కడిగి, దులిపి, ఎర్ర సంచిలో వేసి చూపించారు. నేను పది సార్లు 'సుమిమాసెన్' (క్షమించండి) అన్నాను.

శాకాహారులు 'మాంసం వద్దు' అని చెబితే సరిపోదు, సూపులో చేపల రసం ఉంటుంది. అది 'దాషి', పేరు పెట్టి అడగాలి. వంట ఇంట్లోనే అనుకుంటే, నా గదిలోలా ఇండక్షన్ స్టవ్ ఉందేమో ముందే కనుక్కోండి. అల్యూమినియం కుక్కర్ దాని మీద వేడెక్కదు, స్టీలుదైనా అడుగుకు అయస్కాంతం అంటుకుంటేనే తీసుకోండి. మిక్సీ మాత్రం వద్దు. ఇక్కడి కరెంటు 100 వోల్టులే. అమ్మ పట్టుబట్టి పెట్టిన నా మిక్సీ అడాప్టర్ పెడితే గొణుగుతుంది, పిండి మాత్రం రుబ్బదు. ఇప్పుడు దాని మీద పుస్తకాలు పెట్టుకున్నాను.