కొత్త సెషన్‌లోనూ పాత సంగతులు గుర్తుండేలా చేశాను

మా బిల్లింగ్ ప్రాజెక్టులో తేదీలు, సమయాలన్నీ డేటాబేస్‌లో యూటీసీలో (ప్రపంచ ప్రామాణిక సమయంలో) ఉంటాయి. స్క్రీన్ మీద చూపేటప్పుడే భారత సమయం కోసం 5:30 గంటలు కలుపుతాం. ఈ ఒక్క ముక్క మాకు కోడ్ రాసిపెట్టే ఏఐ అసిస్టెంట్‌కి ఎన్నిసార్లు చెప్పానో! సెషన్ మూసి మర్నాడు తెరిస్తే మళ్లీ మొదటికే. ఓసారి సేవ్ చేసే చోట కూడా 5:30 కలిపేసింది. రాత్రి 8కి వేసిన బిల్లు మర్నాటి తేదీతో కనబడింది. ఆ రోజు నిజంగా ఏడుపొచ్చింది.

మా ప్రాజెక్టు గురించి అసిస్టెంట్ వెనకున్న మోడల్‌కి తన కాంటెక్స్ట్‌లో, అంటే ఆ సెషన్‌లో దాని ముందు పెట్టినదాంట్లో, ఏముందో అదే తెలుసు. అందుకని మొదట పాత చాట్ మొత్తం ఫైల్లో పెట్టి చదివించాను. అది పొరపాటు. కాంటెక్స్ట్ నిండిపోయింది, పైగా మేం వద్దనుకున్న ఆలోచనలను కూడా నిర్ణయాలుగా తీసుకుంది.

తర్వాత ప్రాజెక్టు రూట్‌లో, అంటే అన్నిటికన్నా పై ఫోల్డర్‌లో, ఏజెంట్స్ డాట్ ఎండీ (AGENTS.md) అనే సూచనల ఫైలు పెట్టాను. సెషన్ మొదట్లో అసిస్టెంట్ దాన్ని తనే చదువుకుంటుంది. అందులో 30 లైన్లు దాటనివ్వను. సెషన్ ముగించే ముందు ఏం నిర్ణయించాం, ఎందుకు, ఏది పనిచెయ్యలేదు అని నోట్స్ ఫోల్డర్‌లో రాయమంటాను; ఆ నోట్స్ చూడమని ఏజెంట్స్ ఫైల్లో ఉంటుంది. 'ఎందుకు' అన్నదే అసలు ప్రాణం. ఉదాహరణకి ఇలా ఉంటుంది:

"తేదీలు యూటీసీలోనే సేవ్ చెయ్యి. 5:30 కలపడం స్క్రీన్ దగ్గరే. రెండు చోట్లా కలిపితే బిల్లు తేదీ మారిపోయింది."

అసిస్టెంట్ రాసిన నోట్ నేను చదివాకే గిట్‌లో (కోడ్ మార్పుల చరిత్ర దాచే చోట) కమిట్ చేస్తాను. పాస్‌వర్డులు, కీలు అందులో అసలు పెట్టను. కాలం చెల్లిన లైన్లు తీసేస్తుంటాను, లేకపోతే వాటినే పట్టుకుని కూర్చుంటుంది.

మొన్న కొత్త సెషన్‌లో నెలవారీ రిపోర్టు అడిగితే, నేను చెప్పకుండానే యూటీసీ సంగతి చూసుకుంది.