ఫిల్లర్ ఎపిసోడ్ మీద తీర్పు చెప్పే ముందు

సైన్స్ ఫిక్షన్ సిరీస్ ఏదైనా సగం సీజన్ దాటి, కథ మంచి పట్టు మీద ఉన్న వేళ, అసలు సమస్యను పక్కన పెట్టి ఊరంతా తిరిగి వచ్చే ఎపిసోడ్ ఒకటి తప్పకుండా ఎదురవుతుంది. అభిమానులు దానిని ఫిల్లర్ అంటారు. నెల్లూరులో ఒక మిత్రుని మేడ మీద ఆదివారం సాయంత్రాలు ఏడెనిమిది మందిమి కూడి ఇటువంటి సిరీస్‌లు చూడడం కొన్నేళ్లుగా మాకు అలవాటు. అటువంటి ఎపిసోడ్ ముగిసి లైటు వేయగానే వినబడే మొదటి మాట ఇంచుమించు ఎప్పుడూ ఒకటే: "ఏంది మామా ఇది, కథ ఒక్క అడుగన్నా కదల్లేదే!" ఆ మాటలో కోపం ఉంది గాని, వినేవారికి పనికివచ్చే సంగతి ఏదీ లేదు. ఆ కోపాన్ని తోటి అభిమానికి ఉపయోగపడే అభిప్రాయంగా మలచుకోవడం ఎలాగో, మేము పొరపాట్లు చేస్తూ నేర్చుకున్న పద్ధతిని ఇక్కడ వివరిస్తాను. ఉదాహరణలలో కొన్ని కథల గుట్టు బయటపడుతుంది కనుక, ఆయా సిరీస్‌లు ఇంకా చూడనివారు ఆ పేరాలను దాటవేయవచ్చు.

ముందుగా మాటను తేల్చుకోవాలి. ఫిల్లర్ అన్నదానికి కచ్చితమైన అర్థం ఉన్నది యానిమేలో, అంటే జపాన్ యానిమేషన్ సిరీస్‌లలో. అక్కడ మాంగా, అంటే పత్రికలో వచ్చే బొమ్మల కథ, ఇంకా నడుస్తూ ఉండగానే దాని ఆధారంగా టీవీ సిరీస్ కూడా మొదలవుతుంది. టీవీ కథ పరుగెత్తి పత్రిక కథను అందుకునే పరిస్థితి వచ్చినప్పుడు, మూలంలో లేని ఎపిసోడ్లను అల్లి కాలం గడుపుతారు. డ్రాగన్ బాల్ జీలో గోకు, పికోలో ఇద్దరూ డ్రైవింగ్ లైసెన్సు కోసం కారు నేర్చుకోబోయే ఎపిసోడ్ ఆ కోవలోనిదే. లోకాన్ని కాపాడవలసిన వీరులు స్టీరింగు ముందు తికమకపడే ఆ ఘట్టం మూలకథలో లేకపోయినా, దానిని ముచ్చటగా తలచుకునే అభిమానులకు కొదవలేదు. మూలగ్రంథమంటూ లేని సిరీస్‌కు ఈ కొలత పనికిరాదు. అక్కడ ఫిల్లర్ అన్నది పూర్తిగా చూసేవారి తీర్పు. కాబట్టి దానికి కారణం చూపవలసిన పూచీ కూడా చూసేవారిదే.

తరువాతి పని, చూసిన ఎపిసోడ్ ఏ రకానిదో గుర్తించడం. అన్నింటినీ ఒకే గాటన కట్టేయడం వల్లనే సగం వాదాలు పుడతాయి. పాత ఎపిసోడ్ల ముక్కలను అతికి నిలబెట్టినవి ఒక రకం. స్టార్ ట్రెక్: ది నెక్స్ట్ జనరేషన్ రెండో సీజన్ చివర 1989లో వచ్చిన షేడ్స్ ఆఫ్ గ్రే ఇందుకు అందరూ చూపే ఉదాహరణ, అంతరిక్ష నౌక అధికారి రైకర్ ఒక గ్రహం మీద విషక్రిమి సోకి మంచాన పడతాడు, వైద్యం పేరుతో అతని జ్ఞాపకాలను కదిలిస్తారు, ఆ జ్ఞాపకాలన్నీ మనం అప్పటికే చూసేసిన సన్నివేశాలే. ఉన్న సెట్టులోనే, కొద్దిమంది నటులతో, తక్కువ ఖర్చుతో తీసేవి మరొక రకం. ప్రధాన కథతో పనిలేకుండా తనంత తానుగా నిలిచే విడికథలు మూడో రకం. వీటిని ఫిల్లర్ అనడం నాకు అంగీకారం కాదు. 1993లో మొదలైన ది ఎక్స్ ఫైల్స్‌లో గ్రహాంతరవాసుల కుట్ర ఒక దారం, వారానికొక వింత మరో దారం. మనుషుల చావును ముందే చూడగలిగే ముసలి ఇన్సూరెన్సు ఏజెంటు కథ, క్లైడ్ బ్రక్‌మన్స్ ఫైనల్ రిపోజ్, ఈ రెండో దారంలోది. కుట్ర కథ అందులో వీసమెత్తు కదలదు. అయినా దానిని రాసిన డారిన్ మోర్గన్‌కూ, ముసలివానిగా నటించిన పీటర్ బాయిల్‌కూ టీవీ రంగంలో ఇచ్చే ఎమీ అవార్డులు వచ్చాయి. కథ కదలలేదనడం వేరు, ఎపిసోడ్ బాగాలేదనడం వేరు. ఈ రెండింటినీ కలపకుండా ఉండగలిగితే ఈ వ్యాసంలో సగం పని అయిపోయినట్లే.

ఆ పైన, ఎపిసోడ్ అలా తయారు కావడానికి కారణం వెదకాలి. షేడ్స్ ఆఫ్ గ్రే వెనుక 1988 నాటి రచయితల సమ్మె వల్ల కుదించుకుపోయిన సీజనూ, చివరికి మిగిలిన కొద్దిపాటి డబ్బూ ఉన్నాయి. దానిని మూడు రోజులలో చుట్టేశారు. అయితే కారణం తెలియడం ఎంతవరకు ఉపయోగమో కూడా తెలిసి ఉండాలి. 2019 జూలై 15 తెల్లవారుజామున చంద్రయాన్-2 కోసం మేమంతా అదే మేడ మీద దక్షిణం వైపు చూస్తూ కూర్చున్నాము. శ్రీహరికోట నుంచి రాత్రివేళ ఎగిరే రాకెట్ వెలుగు ఆకాశం తేటగా ఉంటే మాకు కనబడుతుంది. ఇంకా 56 నిమిషాల 24 సెకన్లు ఉండగా కౌంట్‌డౌన్ ఆగిపోయింది. సాంకేతిక లోపమని తెలిశాక ఎవరికీ కోపం రాలేదు. కాని ఆ రాత్రి రాకెట్ ఎగరలేదన్న సంగతి మాత్రం మారలేదు, అది ఎగిరింది 22వ తేదీన. ఎపిసోడ్ విషయంలోనూ అంతే. కారణం మన కోపాన్ని తగ్గిస్తుంది గాని ఎపిసోడ్‌ను మంచిది చేయదు. బ్రిటిష్ సిరీస్ డాక్టర్ హూలో 2006 నాటి లవ్ అండ్ మాన్‌స్టర్స్, 2007 నాటి బ్లింక్ రెండూ ఒకే ఇబ్బంది నుంచి పుట్టినవి. క్రిస్మస్ ప్రత్యేక ఎపిసోడ్‌తో కలిపి ఏడాదికి 14 తీయవలసి రావడంతో, కథానాయకుడు మరొక ఎపిసోడ్ షూటింగులో ఉండగానే ఆయన కొద్దిసేపే కనబడేటట్లు వీటిని తీశారు. మొదటిదాని మీద అభిమానులు నేటికీ కొట్లాడుకుంటారు. రెండోదానికి సైన్స్ ఫిక్షన్‌కు ఇచ్చే హ్యూగో పురస్కారం వచ్చింది. కారణం ఒకటే అయినా ఫలితాలు రెండు వచ్చాయి కనుక, "బడ్జెట్టు లేదు, పాపం" అని ఎపిసోడ్‌ను వెనకేసుకురావడమూ, అదే మాట పట్టుకుని కొట్టిపారేయడమూ రెండూ తొందరపాటే.

ఇక అసలైన పని నోటుబుక్కులో జరుగుతుంది. ఎపిసోడ్ చూసిన రాత్రి ఏమీ రాయవద్దు. మా జిల్లాలో చేపల పులుసును వండిన పూట కంటే మర్నాడు ఇష్టంగా తింటారు. అభిప్రాయానికి కూడా ఒక రాత్రి ఇవ్వడం మంచిది. మర్నాడు కూర్చుని మూడు ప్రశ్నలకు మూడు వాక్యాలు రాయాలి: ఎపిసోడ్ మొదట్లో లేనిది చివరికి ఎవరి చేతిలోకి వచ్చింది, ఎవరు ఎవరిని గురించి కొత్తగా తెలుసుకున్నారు, ఈ ఎపిసోడ్ లేకపోతే తరువాత ఏ సన్నివేశం అర్థం కాకుండా పోతుంది. మూడో ప్రశ్నకు వెంటనే జవాబు దొరకదు. అక్కడ ఖాళీ వదిలిపెట్టాలి. ఆ ఖాళీయే ముఖ్యం.

ఎందుకు ముఖ్యమో చెప్పడానికి మన భారతం కంటే మంచి ఉదాహరణ నాకు కనబడలేదు. అరణ్యపర్వంలో పాండవులు అడవిలో ఉంటారు, యుద్ధం ఎక్కడో దూరాన ఉంటుంది, వచ్చిన ప్రతి ఋషీ ఒక ఉపాఖ్యానం చెబుతాడు. నేటి ప్రేక్షకుని చేతికి ఇస్తే పర్వం మొత్తాన్ని ఫిల్లర్ అనేస్తాడు. బృహదశ్వుడు ధర్మరాజుకు నలుని కథ చెప్పడం కూడా అందులోదే. జూదంలో రాజ్యం పోగొట్టుకున్నవానికి జూదంలోనే రాజ్యం పోగొట్టుకున్న మరొకని కథ చెప్పడం ఓదార్పుగా మాత్రమే తోస్తుంది. కాని కథ ముగిశాక ఆ ముని అక్షహృదయాన్ని, అంటే పాచికల విద్యను, ధర్మరాజుకు ఉపదేశించి వెళతాడు. అజ్ఞాతవాసంలో విరటుని కొలువులో ధర్మరాజు కంకుభట్టుగా చేరింది జూదం తెలిసినవానిగానే. నన్నయ తెలుగు చేసిన భాగంలో చేతికి వచ్చిన ఆ తాళపుచెవి, మా నెల్లూరు తిక్కన రాసిన విరాటపర్వంలో అక్కరకు వచ్చిందన్నమాట. (మధ్యలో మిగిలిన అరణ్యపర్వాన్ని పూరించిన ఎఱ్ఱన అద్దంకి ఏలిన ప్రోలయ వేమారెడ్డి కొలువులోని వాడు, ఉపాఖ్యానాల మీద మక్కువ ఈ ప్రాంతానికి కొత్తది కాదు.) ఒక్కొక్కప్పుడు చేతికి వచ్చేది విద్యే కానక్కరలేదు. ది నెక్స్ట్ జనరేషన్‌లో 1992 నాటి ది ఇన్నర్ లైట్ చూడండి: ఇరవై అయిదు నిమిషాలలో ఒక అపరిచిత గ్రహం మీద ఒక జీవితకాలం బతికి వచ్చిన నౌక కెప్టెన్ పికార్డ్ చేతిలో చివరికి ఒక చిన్న పిల్లనగ్రోవి మిగులుతుంది. మరుసటి ఏడు వచ్చిన లెసన్స్ అనే ఎపిసోడ్‌లో ఆయన దానిని వాయిస్తాడు.

నేను ఆ ఖాళీ వదలకుండా దెబ్బతిన్న ఉదంతం ఒకటి చెప్పాలి. 2017 అక్టోబరులో స్ట్రేంజర్ థింగ్స్ రెండో సీజన్ తొమ్మిది ఎపిసోడ్లూ ఒకేసారి వచ్చినప్పుడు, ఏడోది అయిన ది లాస్ట్ సిస్టర్ మీద లోకమంతటా అభిమానులు విసుక్కున్నారు. వారితో పాటు నేనూ విసుక్కున్నాను. ఆరో ఎపిసోడ్ చివర ప్రయోగశాలలోకి మరో లోకపు జంతువులు ఎగబాకి వస్తుండగా తెర చీకటి అవుతుంది. వెంటనే మనలను షికాగోకు తీసుకుపోయి, మానసిక శక్తులున్న ఎలెవెన్ అనే అమ్మాయి తనవంటి శక్తులున్న కాలీ అనే మరో అమ్మాయిని కలుసుకోవడం చూపిస్తారు. నేను పుస్తకంలో "దీనిని తీసివేసినా నష్టం లేదు" అని రాసి రెండు గీతలు కూడా గీశాను. తీరా తొమ్మిదో ఎపిసోడ్‌లో ఆ మరో లోకపు ద్వారం మూయడానికి ఎలెవెన్ వాడుకున్నది, కోపాన్ని శక్తిగా మలచుకొమ్మని కాలీ నేర్పిన ఉపాయాన్నే. మేడ మీద నా పుస్తకాన్ని ఒకరి చేతి నుంచి ఒకరు తీసుకుని నవ్వారు. తరువాత మళ్లీ చూసినప్పుడు నాకు తెలిసింది, నా కోపం ఆ ఎపిసోడ్ మీద కాదు, దానిని కూర్చోబెట్టిన చోటు మీద. అందుకని రాసేటప్పుడు ఇంకొక ప్రశ్న వేసుకోవడం నాకు అలవాటయింది: ఇదే ఎపిసోడ్ రెండు వారాల ముందు వస్తే ఇంత కోపం వచ్చేదా? రాదు అనుకుంటే, చోటును గురించి రాయాలి గాని కథను గురించి కాదు. కాలీ ముఠా మనుషులు పేలవంగా ఉన్నారన్న మాటను మాత్రం నేను ఇప్పటికీ వెనక్కు తీసుకోను.

అలాగని ప్రతి సాగదీతకూ ఏదో పరమార్థం అంటగట్టనక్కరలేదు. ఈ విషయంలో మాకు గురువు ఎవరంటే, రోజూ సాయంత్రం టీవీ సీరియళ్లు విడవకుండా చూసే మా మేనత్త. ఆమె కొలత చాలా సులువు. "పొయ్యి మీద పులుసు దించి, గిన్నెలు సర్ది వచ్చి కూర్చున్నా వాళ్లు అదే గుమ్మంలో అట్నే నిలబడి ఉంటే, అది జీడిపాకంరా అబ్బయా. వేరే ఇంటి కథ చెబుతా ఉంటే మాత్రం కాస్త ఓపిక పట్టి చూడాల" అంటుంది. ఉన్నచోటనే నిలబడి కాలం గడపడానికీ, వేరే దారి పట్టడానికీ ఉన్న తేడాను ఇంత తేలికగా చెప్పినవారిని నేను చూడలేదు.

ఇతరుల అభిప్రాయం వినేటప్పుడు, ఎపిసోడ్ ఎలా ఉందని అడగవద్దు. దాని నుంచి ఏమి ఎదురుచూశావని ముందు అడగాలి. 2023లో ది లాస్ట్ ఆఫ్ అజ్ మూడో ఎపిసోడ్ మీద మా మేడ రెండుగా చీలింది. ప్రధాన పాత్రలైన జోయెల్, ఎలీల ప్రయాణాన్ని చాలావరకు పక్కన పెట్టి, బిల్, ఫ్రాంక్ అనే ఇద్దరు ఒక పాడుబడిన ఊళ్లో కలిసి గడిపిన ఏళ్లను చూపే ఎపిసోడ్ అది. ఆ సిరీస్‌కు మూలమైన వీడియో గేమ్ ఆడి వచ్చిన కుర్రవాడు "రాక్షసులు యాడ?" అన్నాడు, అతని పక్కనే కూర్చున్న అక్క కన్నీళ్లు తుడుచుకుంటూ ఉంది. ఇద్దరి మాటా నిజమే, ఎందుకంటే ఇద్దరూ కూర్చున్నది వేర్వేరు కథల కోసం. ఎదురుచూపు ఏమిటో ముందు తేలితే, గంట సేపు నడిచే వాదం పది నిమిషాలలో ఒక కొలిక్కి వస్తుంది.

చివరగా అభిప్రాయాన్ని రాయడం. "బోర్", "టైం వేస్ట్" అన్న మాటలను పూర్తిగా మానివేసి, వాటి స్థానంలో సన్నివేశాన్ని పెట్టాలి. "ఈ ఎపిసోడ్ పరమ చెత్త" అని రాస్తే చదివినవారికి మీ మనఃస్థితి తప్ప ఏదీ తెలియదు. "రైకర్ మంచం మీద పడుకున్న తరువాత చూపినవన్నీ పాతవే, కొత్తగా తీసినది వైద్యశాల మాటలు మాత్రమే, అవి కూడా పాత ముక్కలకు ముడి వేయడానికే ఉన్నాయి" అని రాస్తే, చూడాలో దాటవేయాలో చదివినవారే నిర్ణయించుకుంటారు. నటులనూ రచయితలనూ తిట్టడం ఎలాగూ కూడదు. సీజన్ ముగిసిన తరువాత నోటుబుక్కు తిరిగి తెరిచి, మూడో ప్రశ్న దగ్గర వదిలిన ఖాళీని నింపాలి. పాత వాక్యాన్ని కొట్టివేయవద్దు. దాని కిందనే తేదీ వేసి కొత్తది రాయాలి. నా పుస్తకంలో "దీనిని తీసివేసినా నష్టం లేదు" అన్న వాక్యం, దాని కింది రెండు గీతలతో సహా, ఇంకా అలాగే ఉంది. 2025లో చివరి సీజన్‌లో కాలీ మళ్లీ ప్రత్యక్షమైన రోజున దాని కింద మూడో తేదీ వేయవలసి వచ్చింది.