పెద్ద బైప్లేన్ కట్టేటప్పుడు వచ్చే తిప్పలు: సమస్య, కారణం, పరిష్కారం

పావు స్కేల్ (అసలు విమానంలో నాలుగో వంతు కొలతల) రేడియో కంట్రోల్ బైప్లేన్, అంటే ఒకదాని మీద ఒకటిగా రెండు వరుసల రెక్కలుండే మోడల్ విమానం కట్టి, మొదటిసారి ఎగరేసి వచ్చి "ఒక పక్కకే దొర్లిపోతోంది, ఏం చేయాలి?" అని అడిగేవాళ్లు చాలామంది. అప్పటికే సర్వో (ఎయిలెరాన్‌ని కదిపే చిన్న మోటారు) మార్చి ఉంటారు, ఎయిలెరాన్ (విమానాన్ని పక్కలకి దొర్లించే, రెక్క వెనక అంచు పలక) కీళ్లు మళ్లీ బిగించి ఉంటారు, ఇంజన్ కోణం కూడా కదిపి ఉంటారు. "విమానం మొత్తం బిగించాక రెక్కల చివర్ల దగ్గర కోణం కొలిచారా?" అంటే మాత్రం జవాబు ఉండదు. పావుగంట పని అది. ఏడాది కష్టపడి కట్టిన విమానాన్ని ఆ పావుగంట కొలత లేకుండా గాల్లోకి పంపడం చూస్తే నాకు నిజంగా బాధేస్తుంది.

పిన్నులు గుచ్చడం, రిబ్‌లు కోయడం, జిగురు పెట్టడం మీకు వచ్చనే అనుకుని రాస్తున్నాను. ఖరీదైన జిగ్‌లు (కట్టేటప్పుడు ముక్కల్ని కదలకుండా పట్టే చట్రాలు) అక్కర్లేదు. ఎండీఎఫ్ బోర్డు, ప్లైవుడ్ ముక్కలు, కొన్ని మేకులు, గట్టి దారం ఉంటే చాలు. కట్టే వరుసలోనే చెప్పుకుందాం.

ఫ్యూజిలాజ్ (విమానం మొండెం) విల్లులా ఒక పక్కకి వంగింది

రెండు పక్కలూ ఒకదాని మీద ఒకటి పెట్టి కట్టారు, కొలతలన్నీ సమానమే, అయినా తోక పక్కకి పోయింది. కొలతల్లో తప్పు లేదు, బద్దల గట్టిదనంలో ఉంది తేడా. తోక దగ్గర రెండు పక్కల్నీ దగ్గరికి లాగినప్పుడు మెత్తటి బద్ద ఎక్కువ వంగుతుంది, గట్టిది తక్కువ వంగుతుంది. తోక గట్టి బద్ద వైపుకి జరిగిపోతుంది.

కోయకముందే బద్దలు పరీక్షించండి. ఒక కొసని టేబుల్ అంచుకి క్లాంపుతో బిగించి, రెండో కొసకి ఒకే బరువు వేలాడదీసి ఎంత దిగిందో చూడండి. సమానంగా దిగినవాటిని జతలుగా వాడండి. తర్వాత బోర్డు మీద పొడవునా దారం లాగి, ప్రతి ఫార్మర్‌కీ (ఫ్యూజిలాజ్‌లో అడ్డంగా నిలిచే చట్రానికి) మధ్య గీత పెట్టి, ప్లైవుడ్ త్రికోణాలతో నిటారుగా నిలబెట్టండి. అతికించాక వంపు కనిపిస్తే తోక వైపు అడ్డ బద్దలు కోసేసి, దారానికి సరిచూసి మళ్లీ అతికించాల్సిందే.

పై రెక్క స్ట్రట్‌ల మీద సరిగ్గా కూర్చోవడం లేదు

స్ట్రట్‌ల (పై రెక్కని మోసే ఊతల) బోల్టు రంధ్రాలు రెండు మూడు మిల్లీమీటర్లు తేడాగా ఉంటాయి. చేత్తో నొక్కితే కలుస్తాయి కాబట్టి నొక్కి బిగించేస్తారు. దయచేసి ఆ పని చేయకండి. అలా బలవంతంగా బిగించిన ప్రతి బోల్టూ రెక్కలో ఒక మెలి పెడుతుంది.

కారణం సులువు. కబేన్ స్ట్రట్‌లని (ఫ్యూజిలాజ్ నుంచి పై రెక్క మధ్యకి వెళ్లేవాటిని) ప్లాన్ మీద పెట్టి వంచి అక్కడే సోల్డర్ చేసేశారు. మీ ఫ్యూజిలాజ్ మాత్రం అచ్చం ప్లాన్‌లా రాలేదు, ఎవరికీ రాదు. అందుకే వరుస తిరగేయండి. ముందు పై రెక్కని సరైన చోట నిలబెట్టి, తర్వాత స్ట్రట్ చేయండి.

రెండు మందపాటి ప్లైవుడ్ పలకలు తీసుకోండి. కింది అంచు ఫ్యూజిలాజ్ మీద కదలకుండా కూర్చునేలా, పై అంచు పై రెక్క అడుగు భాగం ఆకారంలో ప్లాన్‌లో ఉన్న కోణానికి కోయండి. రెండింటినీ కలిపి పట్టుకునే కోస్తే సమానంగా వస్తాయి. వాటి మీద రెక్క పెట్టి, బరువు ఉంచి, ప్రతి రెక్క కొస నుంచీ తోక స్తంభం దాకా దారంతో కొలవండి. రెండు పక్కలా ఒకేలా ఉంటే అప్పుడు ఉక్కు తీగ వంచి కింద పట్టేలా చేసుకోండి. తీగలు కలిసే చోట సన్నటి రాగి తీగ చుట్టి, అక్కడే ఒక చుక్క సోల్డర్‌తో నిలబెట్టి, బయటికి తీసి పూర్తిగా సోల్డర్ చేయండి. చెక్క పక్కన పెట్టుకుని పూర్తి వేడి ఇవ్వొద్దు. రెక్కల మధ్య స్ట్రట్‌లకీ ఇదే పద్ధతి: రెండు రెక్కలూ జిగ్‌లో నిలిచాకే పొడవు ఖాయం చేయాలి.

థ్రాటిల్ పెంచితే ముక్కు లేస్తోంది

ముందు బరువు కేంద్రం ప్లాన్ ప్రకారం ఉందా చూడండి. తర్వాత పై రెక్కకీ కింది రెక్కకీ మధ్య కోణం తేడా ప్లాన్‌లో ఎంత ఉందో అంతే ఉందా చూడండి. ఈ తేడా ఒక్కో విమానానికి ఒక్కోలా ఉంటుంది, కాబట్టి పక్కవాళ్ల విమానం చూసి మార్చకండి. రెండూ సరిగ్గా ఉంటేనే ఇంజన్ మౌంట్ వెనక పైభాగంలో వాషర్ పెట్టి ముక్కు కాస్త కిందికి తిప్పండి.

ఒక పక్కకే దొర్లుతోంది, స్టాల్ దగ్గర ఒక రెక్క పడిపోతోంది

అసలు సంగతి ఇక్కడుంది. స్టాల్ అంటే వేగం తగ్గి, రెక్క కోణం మరీ పెరిగి, పైకెత్తే బలం ఉన్నట్టుండి పడిపోవడం. ఈ దొర్లడానికి ముఖ్యంగా రెండు కారణాలు: బరువు, మెలి. ముందు ఈ రెండింటినీ వేరు చేయాలి.

ఒక రెక్క బరువెక్కువైతే ఆ బరువు ఏ వేగంలోనైనా అంతే లాగుతుంది. ఎయిలెరాన్ బలం మాత్రం వేగంతో పెరుగుతుంది. అందుకే వేగంగా ఎగిరేటప్పుడు సరిపోయిన ట్రిమ్ (తిన్నగా ఎగరడానికి ట్రాన్స్‌మిటర్‌లో పెట్టే చిన్న సర్దుబాటు) నెమ్మదిస్తే చాలదు, బరువైన రెక్క దిగుతుంది. లూప్‌లో పైకి లాగినప్పుడు కూడా ఆ పక్కకే పోతుంది. విమానాన్ని ప్రొపెల్లర్ షాఫ్ట్ దగ్గర ఒకరు, తోక దగ్గర ఒకరు పట్టుకుని ఎత్తితే ఏ రెక్క దిగుతుందో తెలిసిపోతుంది. తేలిక రెక్క కొసలో సీసం పెట్టండి, అయిపోయింది.

మెలి అలా కాదు. మెలి వల్ల వచ్చే బలం కూడా ఎయిలెరాన్‌లాగే వేగంతో పెరుగుతుంది. అందుకే ఒకే ట్రిమ్ దాదాపు అన్ని వేగాల్లోనూ సరిపోతుంది. "ట్రిమ్‌తో సరిపోయిందిగా, ఇంకేం?" అనిపిస్తుంది. కానీ ల్యాండింగ్‌కి నెమ్మదించినప్పుడు ఒక రెక్క ఉన్నట్టుండి పడిపోతుంది. 1903లో రైట్ సోదరులు తమ బైప్లేన్‌ని పక్కలకి తిప్పింది రెక్కలు మెలిపెట్టే కదా. మీ రెక్కలో మెలి ఉందంటే ఆ విమానం అనుక్షణం ఒక పక్కకి తిరగమన్న ఆజ్ఞతోనే ఎగురుతోందన్నమాట. టైగర్ మాత్ (పాత బ్రిటిష్ శిక్షణ బైప్లేన్) లాంటి వాటికి ఎయిలెరాన్లు కింది రెక్కకే ఉంటాయి. ఉన్న ఆ కాస్త బలాన్నీ ఈ మెలి తినేస్తుంది.

అలా నేనూ మోసపోయాను. పావు స్కేల్ టైగర్ మాత్ అది. రెక్కల విస్తీర్ణం 2.23 మీటర్లు, రెక్క వెడల్పు దాదాపు 330 మిల్లీమీటర్లు. నాలుగు రెక్కలూ ఒకే బోర్డు మీద, ఒకే జిగ్‌లో కట్టాను. స్ట్రట్‌లు ఏ బలవంతమూ లేకుండా వేలితో తోస్తే కూర్చున్నాయి. కోణం మీటర్ పెట్టి పై రెక్కనీ కింది రెక్కనీ పోల్చాను, తేడా ప్లాన్‌లో ఉన్నంతే ఉంది. ఇంతకంటే చక్కగా రాదనుకున్నాను. గాల్లోకి లేచీ లేవగానే ఎడమకి దొర్లింది.

తప్పు బోర్డులో ఉంది. బోర్డు వంగలేదు, మెలి తిరిగింది. ఈ రెండింటికీ తేడా తెలియకపోతే ఎన్నిసార్లు కొలిచినా దొరకదు. వంగిన బోర్డు మీద పొడవాటి స్కేల్ పెడితే కింద వెలుగు కనిపిస్తుంది. మెలి తిరిగిన బోర్డులో నాలుగు అంచులూ తిన్నగానే ఉంటాయి. అంచుకి సమాంతరంగా స్కేల్ ఎక్కడ పెట్టినా చక్కగా ఆనుతుంది. మూల నుంచి మూలకి పెట్టినప్పుడే తేడా బయటపడుతుంది: ఒక పక్క కర్ణం మీద స్కేల్ ఊగుతుంది, రెండో పక్క దాని మధ్యలో ఖాళీ కనిపిస్తుంది. నేను బోర్డుని నాలుగు మూలల్లో టేబుల్‌కి స్క్రూలతో బిగించాను. టేబుల్ ఒక కాలు నేల పల్లంలో ఉంది. ఆ మెలి అంతా బోర్డుకి ఎక్కింది. రసమట్టం పెట్టి చూశాను కూడా, కానీ బోర్డు మధ్యలో మాత్రమే. అడ్డంగా ఈ కొసనా ఆ కొసనా పెట్టి ఉంటే బుడగ రెండు చోట్లా ఒకేచోట ఉండేది కాదు.

"ఒకే బోర్డు మీద కట్టాం కాబట్టి తప్పున్నా రెండు పక్కలా సమానంగానే ఉంటుంది" అని చాలామంది అంటారు. అప్పుడు నేనూ అదే అనుకున్నాను. అది పూర్తిగా తలకిందులు. లీడింగ్ ఎడ్జ్ (రెక్క ముందు అంచు) మీకు అవతలి వైపు ఉండేలా బోర్డు ముందు నిలబడండి. ఎడమ రెక్క కొస బోర్డు ఎడమ చివర వస్తుంది, కుడి రెక్క కొస కుడి చివర వస్తుంది. బోర్డు కుడి చివర అవతలి మూల లేచి ఉందనుకోండి. కుడి రెక్క కొసలో లీడింగ్ ఎడ్జ్ పైకి లేస్తుంది. ఎడమ రెక్కకి అదే చోట ఉండేది మొదలు (ఫ్యూజిలాజ్‌కి కలిసే వైపు). మొదలు లేచిందంటే దాంతో పోలిస్తే కొస దిగినట్టే. అంటే ఒక కొస కోణం పెరిగింది, రెండో కొస కోణం తగ్గింది. తప్పు సమానంగా పంచుకోలేదు, రెట్టింపైంది. పై రెక్కలూ కింది రెక్కలూ అదే మెలితో వచ్చాయి కాబట్టి స్ట్రట్‌లు హాయిగా కూర్చున్నాయి, పైనా కిందా పోలిస్తే కోణాలు కలిశాయి. ఎడమనీ కుడినీ పోల్చినప్పుడే దొంగ దొరికింది.

లెక్క చూడండి. నా బోర్డు 1200 మిల్లీమీటర్ల పొడవు, 400 వెడల్పు. ఒక మూల 4 మిల్లీమీటర్లు లేచింది. 1000 మిల్లీమీటర్ల రెక్కకి అది దాదాపు అర డిగ్రీ. రెండు పక్కలా కలిపి ఒక డిగ్రీ. కంటికి ఆనదు, విమానానికి తెలుస్తుంది.

బోర్డు పరీక్ష ఇలా చేయండి. ఒకే బద్ద నుంచి కోసిన నాలుగు దిమ్మెలు నాలుగు మూలల్లో పెట్టండి. మూల నుంచి మూలకి రెండు దారాలు బిగుతుగా లాగండి. మధ్యలో అవి ఒకదాన్నొకటి తాకీ తాకనట్టు ఉండాలి. తర్వాత కింద ఉన్న దారాన్ని పైకి మార్చి మళ్లీ చూడండి. ఈ రెండోసారి చూడటం మానకండి. ఎత్తైన దారం కింద ఉంటే పైదాన్ని నెట్టుకుంటూ తాకుతుంది, అంతా బాగున్నట్టు కనిపిస్తుంది. మధ్యలో ఖాళీ 2 మిల్లీమీటర్లు ఉంటే మూల దగ్గర తేడా 4 అని లెక్క.

బోర్డుని టేబుల్‌కి బిగించకండి. మూడు చోట్ల ఆనించండి: ఒక చివర రెండు, రెండో చివర మధ్యలో ఒకటి. అప్పుడు టేబుల్ మెలి బోర్డుకి ఎక్కదు. బోర్డుకి దానంతట అదే మెలి ఉంటే మిగతా మూలల మీద బరువు పెట్టి, దిగిన మూల కింద సన్నటి చెక్క చీలిక దూరుస్తూ దారాలు కలిసేదాకా సరిచేయండి. ఎండీఎఫ్ తేమ పీలుస్తుంది, కాబట్టి రెక్క మొదలుపెట్టే ప్రతిరోజూ దారాలు లాగి చూడండి. రెక్క మీద షీటింగ్ (పల్చటి చెక్క రేకు) మూసే ముందు మరోసారి చూడండి, ఎందుకంటే ముందు భాగంలో పైనా కిందా షీటింగ్ మూసుకున్న క్షణంలోనే ఆ మెలి రెక్కలో శాశ్వతంగా బిగుసుకుంటుంది.

ఇప్పటికే కట్టేసినవాళ్లు ముందు కొలవండి. ఫ్యూజిలాజ్‌ని పొడవునా, అడ్డంగా కూడా మట్టం చేసి కదలకుండా కట్టేయండి. నాలుగు రెక్కల్లో ఒక్కోదానికీ మొదలు దగ్గర ఒకటి, కొసలో ఒకటి, మొత్తం ఎనిమిది కోణం కొలతలు కాగితం మీద రాయండి. ఎడమ కొసలో, కుడి కొసలో మీటర్ పెట్టే చోట్లు ఫ్యూజిలాజ్ నుంచి సమాన దూరంలో ఉండాలి. మీటర్ ఎంత చూపిస్తుందన్నది కాదు, కుడికీ ఎడమకీ తేడా ఎంతన్నది ముఖ్యం. మొత్తం తేడా పావు డిగ్రీ లోపు ఉంటే నేను వదిలేస్తాను.

అంతకంటే ఎక్కువైతే కొస కోణం పెరిగిన రెక్కని ముందు పట్టుకోండి. స్టాల్‌లో ముందు పడేది సాధారణంగా అదే. కొస కాస్త దిగి ఉంటే నష్టం లేదు, లేచి ఉంటేనే ప్రమాదం. స్ట్రట్‌లు విప్పి రెక్కని విడిగా తీయండి. ఒక వైపే షీటింగ్ ఉంటే సరైన బోర్డు మీద పెట్టి, కావలసినదానికంటే కొంచెం ఎక్కువే ఎదురు తిప్పి పిన్నులు గుచ్చి, రెండో వైపు మూసేయండి. వదిలాక కాస్త వెనక్కి వస్తుంది. ఫిల్మ్ కవరింగ్ వేసిన తెరిచిన రెక్కైతే ఒకరు ఎదురు తిప్పి పట్టుకుంటే మరొకరు హీట్ గన్‌తో పైనా కిందా ముడతలు పోయేదాకా వేడిచేయాలి. చల్లారేదాకా చేయి వదలొద్దు. ముందు భాగం పూర్తిగా షీటింగ్‌తో మూసుకుపోయిన రెక్కకి స్పార్ (రెక్క పొడవునా ఉండే ముఖ్య దూలం) వెంట షీటింగ్ కోసి, తిప్పి, మళ్లీ అతికించడం తప్ప దారి లేదు. కష్టమే, కానీ నేను రెండుసార్లు చేశాను, నిలిచింది. మీ రెక్కల మధ్య లాగిన తీగలు అలంకారానికి కాకుండా నిజంగా బరువు మోసేవైతే వెనక తీగల బిగువు సర్దితే కొద్దిపాటి మెలి తీసేయొచ్చు.

సర్వో మధ్యలో ఆగకపోవడం, తోక రెక్క వంకర, ఇంజన్ పక్క కోణం కూడా కారణాలే, కాదనను. ఎనిమిది కొలతలూ కలిశాక వాటి దగ్గరికి రండి.

మెలి తీశాక ఎగరేసే ముందు ట్రాన్స్‌మిటర్ చూసుకోండి. పాత మెలి కోసం పెట్టిన ఎయిలెరాన్ ట్రిమ్ ఇంకా అందులోనే ఉంటుంది. దాన్ని సున్నాకి తెచ్చి, ఎయిలెరాన్లు రెక్కతో సమంగా ఉన్నాయో లేదో కంటితో చూసి, అప్పుడు థ్రాటిల్ తెరవండి.