ఇంటి పచ్చళ్ళు అమ్మాలనుకుంటే ముందు ఈ మార్కెటింగ్ బేసిక్స్ చూసుకోండి

పచ్చళ్ళ బిజినెస్ అనగానే చాలామంది ఇన్‌స్టా పేజీ తెరిచి, లోగో చేయించి, కేజీల కొద్దీ ఆవకాయ కలిపేసి, అప్పుడు ఎవరు కొంటారా అని చూస్తారు. ఎవరు కొంటారో ముందు తేల్చుకోండి, కలపడం తర్వాత.

వ్యాపారం ఎలా చెయ్యాలన్నదాని మీద మార్కెటింగ్ క్లాసుల్లో ఐదు ఆలోచనలు చెప్తారు: ప్రొడక్షన్, ప్రొడక్ట్, సెల్లింగ్, మార్కెటింగ్, సొసైటల్. బట్టీ పట్టక్కర్లేదు, మీరు ఇప్పుడు ఎందులో ఉన్నారో కనిపెడితే చాలు.

ఎక్కువ చేసి చవగ్గా అమ్మేద్దాం అంటే అది ప్రొడక్షన్. హెన్రీ ఫోర్డ్ చేసిందదే, 1908లో 850 డాలర్లున్న మోడల్ టీ కారుని 1920ల మధ్యకొచ్చేసరికి 300 లోపుకి దించాడు, కానీ ఈలోగా పోటీ కార్ల కంపెనీ జనరల్ మోటార్స్ వాళ్ళు రకరకాల రంగులు, మోడళ్ళు, పైగా వాయిదాల మీద ఇచ్చేసరికి జనం అటు తిరిగారు, 1927లో మోడల్ టీ ఆపేశారు. మనం ఎలాగూ పెద్ద కంపెనీలతో రేటులో పోటీ పడలేం కాబట్టి ఇది వదిలేయండి.

"మా అమ్మమ్మ చేతి రుచి, గానుగ నువ్వుల నూనె" అని మురిసిపోతుంటే ప్రొడక్ట్ దగ్గర ఆగిపోయారన్నమాట. రుచి ఉండాల్సిందే, కాదన్ను, కానీ అమెరికా వెళ్ళే సూట్‌కేసులో నూనె కారి బట్టలన్నీ ఎర్రగా అయితే ఆ రుచి ఎవరికి గుర్తుంటుంది?

రోజూ స్టేటస్‌లు, ఆఫర్లు, చుట్టాలకి ఫోన్లు... ఇది సెల్లింగ్. మొహమాటానికి ఒకసారి కొంటారు, అంతే.

అసలు మార్కెటింగ్ అడగడంతో మొదలవుతుంది. అయితే "ఎలా ఉందండీ" అని అడక్కండి, అందరూ బాగుందనే అంటారు. సీసా ఎన్నాళ్ళకి అయిపోయింది, అడుగున ఏమైనా పారేశారా, ఇంట్లో ఎవరు ముట్టుకోలేదు, ఇవి అడగండి. అప్పుడు బయటపడతాయి: హాస్టల్ పిల్లాడికి వంద గ్రాముల ప్యాకెట్ చాలు, వెల్లుల్లి తినని ఇంటికి విడిగా కావాలి, పెద్దాయనకి బీపీ, ఉప్పు తగ్గించాలి.

చిక్ షాంపూ కథ ఇదే. సీసా కొనలేనివాళ్ళకీ ఒక్కసారి తలస్నానానికి సరిపడా షాంపూ కావాలి, అందుకే 1983లో తమిళనాడులోని కడలూరులో మొదలైన ఆ కంపెనీ సాషేలతో (ఒక్కసారికి సరిపడే చిన్న ప్యాకెట్లతో) పల్లెటూళ్ళకి వెళ్ళి అక్కడే తల రుద్ది చూపించింది.

ఆ సాషేలే ఇప్పుడు మురిక్కాలవల్లో పేరుకుంటున్నాయి, రీసైక్లింగ్‌కి ఎవరూ తీసుకోరు. కొనేవాడు హ్యాపీ, ఊరికి తలనొప్పి. ఇది కూడా లెక్కేసుకోవడమే సొసైటల్. మనకైతే గాజు సీసా చాలు, ఖాళీది తిరిగి తెస్తే ఓ పది రూపాయలు తగ్గించండి, కాకపోతే వేడినీళ్ళతో కడిగి ఎండలో బాగా ఆరాకే నింపాలి, చుక్క తడున్నా బూజు పట్టేస్తుంది.