నాడీ తొడుగు కణితి కణాలు వదిలే ఎంజైమ్‌లను జెల్ మీద పట్టుకోవడం ఎలా

ఈ కణితుల్లో తరచూ దెబ్బతినే ఎన్‌ఎఫ్1 జన్యువు పాడైతే, కణానికి పెరగమని సంకేతమిచ్చే రాస్ ప్రోటీన్‌ను ఆపేవాడు ఉండడు. దాని వెనక మెక్, ఎర్క్ ఎంజైమ్‌లు కణాన్ని విభజన వైపు తోస్తాయి. పెరుగుదల సంగతి అది. పక్క కణజాలంలోకి చొరబడాలంటే మాత్రం కొల్లాజెన్ లాంటి అడ్డుగోడలను కోసే ఎంఎంపీలు (మ్యాట్రిక్స్ మెటలోప్రోటీనేజ్ ఎంజైమ్‌లు) కావాలి. మా గుంటూరు ల్యాబ్‌లో ఎమ్మెస్సీ పిల్లలతో వాటికోసం ముందు జెలటిన్ జైమోగ్రఫీ చేయిస్తాను, అంటే జెల్‌లో కలిపిన జెలటిన్‌ను ఎంజైమ్ ఎక్కడ కోసిందో చూసే పరీక్ష.

కణాలను ఒక రోజు సీరం (రక్తం నుంచి తీసిన ద్రవం) లేని మీడియంలో, అంటే కణాలను పెంచే ద్రవంలో, ఉంచండి. సీరంలోనూ ఎంఎంపీలు ఉంటాయి, కలిస్తే ఏ బ్యాండ్ ఎవరిదో తేలదు. ఆ మీడియాన్ని జెలటిన్ కలిపిన ఎస్‌డీఎస్ జెల్‌లో (ప్రోటీన్లను సైజు ప్రకారం విడదీసే జెల్) నడపండి. శాంపిల్‌ను మరిగించొద్దు, ప్రోటీన్ లోపలి బంధాలను తెంచే మెర్కాప్టోఇథనాల్ వేయొద్దు. ఎంజైమే చచ్చిపోతే ఇంక చూసేదేముంది? తర్వాత ఎంజైమ్ మళ్లీ పనిచేసేలా ట్రైటాన్ అనే డిటర్జెంట్‌తో ఎస్‌డీఎస్‌ను కడిగేసి, కాల్షియం ఉన్న బఫర్‌లో 37 డిగ్రీల దగ్గర రాత్రంతా ఉంచాలి. ఇన్‌క్యుబేటర్‌లోనే పెట్టండి, మే నెలలో మన ఊళ్లో 'గది ఉష్ణోగ్రత' అనే మాటను నమ్మలేం.

కూమసీ రంగు వేస్తే జెలటిన్ కోతపడ్డ చోట రంగు పట్టదు; అలా నీలం జెల్‌లో 72, 92 కిలోడాల్టన్ల దగ్గర తెల్లటి గీతలు వస్తే అవి ఎంఎంపీ-2, ఎంఎంపీ-9ల ప్రో రూపాలు (ఇంకా చురుకు కాని తొలి రూపాలు). కాస్త కిందది చురుకైన రూపం. జెల్‌లో ఒక ముక్కను ఈడీటీఏ (ఎంఎంపీలకు కావలసిన లోహ అయాన్లను పట్టేసే రసాయనం) బఫర్‌లో ఉంచండి, అందులో గీతలు రాకూడదు.

గీత కనబడగానే చొరబాటు రుజువైనట్టు కాదు. మ్యాట్రిజెల్ (కణజాలపు అడ్డుపొరను పోలిన జెల్) పూసిన, 8 మైక్రాన్ల రంధ్రాల పొర ఉన్న ఇన్‌సర్ట్‌ను (చిన్న కప్పును) కణాలు దాటుతున్నాయా చూడండి. పక్కన వాటి సంఖ్య కూడా లెక్కపెట్టండి, ఎక్కువ పెరగబట్టే ఎక్కువ దాటాయేమో!