జింకల కోసం ఓక్ నాటుతున్నారా? ముందు కాయల్ని నీళ్లలో వేయండి

రాలిన కాయలు జింకలకు మేతగా పనికొస్తాయని పొలం అంచున ఓక్ చెట్లు పెంచాలనుకుంటే, ఏరుకొచ్చిన కాయల్ని ముందు బకెట్ నీళ్లలో వేయండి. తేలినవి చాలావరకు పుచ్చువే, మునిగినవే నాటండి. పెంకు మీద గుండ్రటి సన్న చిల్లు కనిపిస్తే, లోపల పురుగు తినేసి బయటికి వెళ్లిపోయినట్టే.

వైట్ ఓక్ కాయలో వగరు తక్కువ, జింకలకు అదే ఇష్టం. రాలిన కొద్ది రోజులకే మొలకెత్తుతుంది కాబట్టి వెంటనే అంగుళం లోతున పడుకోబెట్టి నాటేయాలి. పక్కనే కొన్ని రెడ్ ఓక్‌లు కూడా వేయండి. వాటి కాయ పండటానికి రెండేళ్లు పడుతుంది, అంటే ఈ ఏడాది రాలేది పోయినేడాది పూత కాయే. అందుకే ఒక వసంతంలో మంచుకు పూత మాడినా ఆ ఏడాది మేత పూర్తిగా పోదు.

లేత మొక్కల్ని కొరికేసేదీ జింకలే! ఐదడుగుల ప్లాస్టిక్ గొట్టం తప్పకుండా తొడగండి. వైట్ ఓక్ కాపుకు 20 ఏళ్లు పట్టొచ్చు, ఈ ఏడాదే మొదలుపెట్టండి.